వేమన పద్యంలో “పంటిలోన నలుసు” అన్న పాఠం (మాట తేడా ఉన్న పద్యరూపం) ఎక్కడైనా ఉన్నదా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
మా అబ్బాయికి వెనుక పళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నందున, రాత్రి పళ్ళు తోమిన తరువాత వాటి సందుల్లో దారం ఆడించడం అలవాటు చేయమని డాక్టరుగారు చెప్పారు. వాడు నోరు తెరవనని మొండికేసినప్పుడల్లా మా అమ్మమ్మ చదివే వేమన పద్యం నన్ను వేధిస్తున్నది. “చెప్పులోన రాయి చెవిలోన జోరీగ” తరువాత ఆమె “పంటిలోన నలుసు” అనేవారని నా జ్ఞాపకం. నేను చూసిన పుస్తకాలలో “కంటిలోన నలుసు” అనే ఉన్నది. పంటి పాఠాన్ని మీలో ఎవరైనా విన్నారా? విని ఉంటే ఆ పాదం చివర ఏముండేదో దయచేసి చెప్పండి.

ఆటవెలది అభిమాని:
అమ్మా, అటువంటి పాఠం ఉండడానికి వీలులేదు. రెండవ పాదంలో నాలుగవ గణం “కాలి” కనుక, యతిస్థానంలో (పాదం మొదటి అక్షరంతో జత కుదరవలసిన చోట) ఉన్న “కా”తో “కం” చక్కగా కుదురుతుంది గాని “పం” ఏ విధంగానూ కుదరదు. “పంటి కింద రాయి” అన్న జాతీయమూ “కంటిలోన నలుసు” అన్న పద్యపాదమూ మీ అమ్మమ్మగారి నోట కలిసిపోయి ఉంటాయి. పైగా నలుసు కంటికి చెందిన మాటే తప్ప పంటికి చెందినది కాదు.

కరీంనగర్ మాస్టారు:
నలుసును కంటికే కట్టివేయడం అన్యాయమండీ. “కడుపున నలుసు పడింది” అన్నప్పుడు ఆ నలుసు ఏ కంట్లో పడినట్టు? ఇక యతి మాటకు వస్తే, “పంటిలోన నలుసు పాదముల్లు” అని చదివి చూడండి, ఎక్కడా తడబాటు ఉండదు.

ఆటవెలది అభిమాని:
మాస్టారూ, తడబాటు యతిలో లేదు, సమాసంలో ఉన్నది. “పాదము” సంస్కృతం, “ముల్లు” అచ్చ తెలుగు; ఆ రెంటినీ కలిపితే వ్యాకరణం ఒప్పని వైరి సమాసమవుతుంది. “కాలిముల్లు” వంటి నిండైన తెలుగు మాట చేతిలో ఉండగా వేమన దానిని వదులుకున్నాడంటే నేను నమ్మలేను.

దంతవైద్యురాలైన సభ్యురాలు:
ఛందస్సును మీకే వదిలిపెడుతున్నాను గాని, నలుసు పంటికి చెందదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. మామిడిపండు పీచో మాంసం ముక్కో ఇరుక్కుంటే పిల్లవాడు తానే వచ్చి చెబుతాడు. కంటికి కనబడని పాచి పేరుకున్నప్పుడు ఎవరూ చెప్పరు, పుచ్చు మొదలయ్యేది అక్కడే. రెండు పళ్ళు తాకుతున్న చోటికి బ్రష్షు కుచ్చులు చేరవు కనుక, పాలపళ్ళైనా సరే, అవి ఆనుకున్న నాటినుండే దారం వాడవలసి ఉంటుంది. ఎనిమిది, పదేళ్ళ వయసు వచ్చేవరకు పిల్లల వేళ్ళకు ఆ పనితనం రాదు కాబట్టి, తల ఒడిలో పెట్టుకొని పెద్దవారే చేయాలి. సుమారు 45 సెంటీమీటర్ల దారాన్ని రెండు మధ్యవేళ్ళకు చుట్టుకొని, అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ సందులోకి దించి, ఒక పంటి ఒంపుకు ఆనించి పైకీ కిందికీ రుద్ది, తరువాత పక్కపంటికీ అలాగే చేయాలి. దారాన్ని ఒక్కసారిగా లోపలికి నొక్కితే చిగురు కోసుకుంటుంది; ఒకసారి నొప్పి పుట్టిన పిల్లవాడు మరునాడు నోరు తెరవడు. మొండితనమని మనం అనుకునేది చాలాసార్లు ఆ భయమే. పుల్లతో పళ్ళు కుట్టుకోవడం మాత్రం పిల్లలకు నేర్పవద్దు.

కరీంనగర్ మాస్టారు:
డాక్టరమ్మగారి మాటతో నా అనుమానం బలపడింది. ఈ పద్యంలో రాయి కాలికే, ముల్లూ కాలికే. చెవికొకటి, కంటికొకటి దక్కగా నోటికి మాత్రం ఏమీ దక్కలేదు. శరీరమంతా చూసిన కవి నోటిని మరిచిపోయి, కాలిని రెండుసార్లు తలచాడంటే అది లేఖకుల పొరపాటు కావచ్చును కదా?

ఆటవెలది అభిమాని:
కాలిని రెండుసార్లు తలవడంలోనే వేమన గొప్పతనం ఉన్నది. చెప్పు విడిచి దులిపితే రాయి పోతుంది, ముల్లు అలా పోదు; బాధ బయటినుండి లోపలికి, తీయడానికి తేలికైన దాని నుండి కష్టమైన దానికి నడుస్తుంది. అక్కడినుండి మూడవ పాదంలో ఏ పిన్నీసుకూ లొంగని “ఇంటిలోన పోరు” దగ్గరకు మనను తీసుకువెళ్ళిన కవిని లెక్క తప్పాడనడం సాహసమే.

గుంటూరు సభ్యుడు:
యతి కుదరదన్న తీర్పు తొందరపాటని నా మనవి. ఈ పద్యపు ఛందస్సైన ఆటవెలదిలో యతికి బదులు ప్రాసయతి, అంటే రెండవ అక్షరాల జత, చెల్లుతుంది. “ఉప్పు కప్పురంబు” పద్యంలో “చూడ చూడ రుచుల జాడ వేరు” అన్న పాదం నిలిచినది “చూడ”, “జాడ”ల ప్రాసయతి మీదనే కదా! ఆ లెక్కన “పంటిలోన పీచు కంటినలుసు” అన్నది నిర్దోషమైన పాదం. అమ్మమ్మగారు చదివినది ఇదే అయి ఉండి, పీచు స్థానంలోకి నలుసు జరిగి వచ్చి ఉండవచ్చును.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
“పీచు” అన్న మాట ఆమె నోట విన్నట్టు నాకు గుర్తు లేదండీ. అయితే ఈ పాదాన్ని వినిపిస్తే మా అబ్బాయి నవ్వుతూ నోరు తెరుస్తున్నాడు.

దంతవైద్యురాలైన సభ్యురాలు:
నవ్వినప్పుడు ముందు దవడపళ్ళ సందులు చూడండమ్మా. అన్నట్టు, న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్లీ మైనం పూసిన పట్టుదారాన్ని పళ్ళ సందుల్లో ఆడించాలని తన పుస్తకంలో రాసినది 1819లో. బ్రౌన్ దొరగారు వేమన పద్యాలను అచ్చు వేయించినది 1829లో.

ఆటవెలది అభిమాని:
బ్రౌన్ మాట వచ్చింది కనుక అడుగుతున్నాను: పద్యం అల్లగలగడం వేరు, పాఠం ఉండడం వేరు. ప్రాసయతి చెల్లినంత మాత్రాన దానిని వేమనకు అంటగట్టకుండా, గుంటూరు మిత్రులు ఏ వ్రాతప్రతిలోనైనా చూపగలరా?

గుంటూరు సభ్యుడు:
వ్రాతప్రతి అడిగేవారు ముందుగా “చెప్పులోన” సరైనదో “చెప్పులోని” సరైనదో ఏ ప్రతిని బట్టి తేల్చుకున్నారో సెలవియ్యాలి. గణాలు రెంటికీ సరిపోతాయి. నా మటుకు “లోని” వైపే మొగ్గుతాను.