అప్‌డేట్: కుక్కపిల్ల నురగ, మాస్టారి హడావిడి

చాలామంది ఏమైందని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ముందు సంగతి ఇది: మాది శ్రీకాకుళం. ఏడో తరగతి చదివే మా పాప క్లాసులో దిగాలుగా కూర్చుంటే మాస్టారు ఎందుకని అడిగారు. "మా కుక్కపిల్ల నోట్లోంచి నురగ వస్తోంది సార్, చచ్చిపోతుందేమో" అంది. అంతే! ఆయన రేబిస్ అని కేకేసి, బెంచీ మొత్తం ఖాళీ చేయించి, పాపని వరండాలో నిలబెట్టి, మాకు ఫోన్ చేశారు. ఇంజెక్షన్లు వేయించాలా, స్కూలు వాళ్లతో ఏం మాట్లాడాలి అని మిమ్మల్ని అడిగాను.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రాత్రి వానకి పెరట్లోకి కప్పలొచ్చాయా అన్నారు. వచ్చాయి! గోండ్రుకప్పని నోట కరుచుకుంటే, దాని చర్మం మీది విషానికి కుక్కలకు ఇలాగే నురగ కారుతుందట. నోరు కడిగి పంపించారు. సాయంత్రానికి అది నా చెప్పు నములుతోంది. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా కూడా వేయించేశాం.

పాపకి ఇంజెక్షన్ అవసరం లేదన్నారు ఆసుపత్రిలో. కరవలేదు, గీరలేదు, గాయం లేని చర్మం మీద నాకిందంతే. కరిచినా, రక్కినా మాత్రం వెంటనే సబ్బుతో పావుగంట కడిగి పరుగెత్తుకు రమ్మన్నారు.

మాస్టారి భయాన్ని తప్పుపట్టను, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండదు కదా. పిల్లని వరండాలో నిలబెట్టడమే నచ్చలేదు. అదే హెడ్‌మాస్టారితో చెప్పాం. మర్నాడు మాస్టారు క్లాసులో అందరి ముందూ "కంగారు పడ్డానమ్మా" అన్నారట. వెనక బెంచీ కుర్రాళ్లు మాత్రం ఆయనకి "కప్ప మాస్టారు" అని పేరు పెట్టేశారు.