పాత ఓఎల్‌టీ, పాన్ మాడ్యూళ్లు: టెస్ట్ చేయాల్సింది అమ్మేవాళ్లా, కొనేవాళ్లా?

కేబుల్_గుంటూరు:
వాడిన ఓఎల్‌టీ (ఇళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ పంపే, ఆపరేటర్ దగ్గరుండే పెట్టె) ఒకటి బేరం మాట్లాడుతున్నా, దాంతో బీ ప్లస్ రకం పాన్ మాడ్యూళ్లు (దాని పోర్టుల్లో దూర్చే లేజర్ ముక్కలు) కూడా ఇస్తారట. అమ్మే ఆయన పచ్చ లైటు వెలుగుతున్న వీడియో పంపి "టెస్ట్ చేసిందే, తీసుకోండి" అంటున్నాడు. ఇంతకంటే అడిగితే కొత్తది కొనుక్కోమంటున్నాడు. మీరేమంటారు?

పాతసరుకు:
నేను ఇదే వ్యాపారంలో ఉన్నా తమ్ముడూ. సరుకు మాకు లాట్‌గా వస్తుంది, ఒక్కోదాని ముందు అరగంట కూర్చుంటే ఆ ధరకి గిట్టదు. నీ దగ్గర లైను ఉంది, నువ్వే పెట్టి చూసుకో, పోతే వారంలో మార్చి ఇస్తాం. ఇంకో బాధ కూడా విను. 80 కిలోమీటర్ల మాడ్యూల్‌ని అటెన్యుయేటర్ (వెలుతురు తగ్గించే ముక్క) లేకుండా చిన్న ప్యాచ్ కార్డుతో దాని అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే లూప్ వేసి, రిసీవర్ కాల్చేసి, చచ్చిన సరుకు పంపావని మా మీదకి వస్తారు.

స్ప్లైస్_ట్రే:
అన్నా, వారంలో తప్పు బయటపడితేనే కదా మార్చేది. పచ్చ లైటు నా లెక్కలో టెస్టే కాదు. టేబుల్ మీద పదిహేను డీబీ (సిగ్నల్ తగ్గుదల కొలత) అటెన్యుయేటర్ పెట్టి ఓఎన్‌యూ (కస్టమర్ ఇంట్లో పెట్టే బాక్సు) తగిలిస్తే, సగం పోయిన మాడ్యూల్ కూడా రిజిస్టర్ అవుతుంది. ఫీల్డులో ఒక ఫైబర్‌ని 64గా పంచే 1:64 స్ప్లిటరే దాదాపు 20 డీబీ మింగేస్తుంది, ఆ పైన ఫైబరు, జాయింట్లు, కనెక్టర్లు కలిస్తే మన లైన్లు 24, 25 దగ్గర నడుస్తాయి. బీ ప్లస్ అంటే 28 దాకా లాగాలి. 24కే తెగే మాడ్యూల్ వస్తే దగ్గరి ఇళ్లకు ఏమీ కాదు, చివరి ఊళ్లో సిగ్నల్ అందట్లేదని చెప్పే లాస్ లైటు ఎర్రగా కొట్టుకుంటూ ఉంటుంది, జనం తిట్టేది ఆపరేటర్‌ని.

పవర్ మీటరు 1490 నానోమీటర్లకి (ఓఎల్‌టీ పంపే వెలుతురు) పెట్టి చూస్తే 1.5 నుంచి 5 డీబీఎం మధ్య వస్తోందో లేదో తెలుస్తుంది, అంతవరకే. ఓఎన్‌యూ 1310 మీద పంపేదాన్ని అందుకునే వైపు ఎలా ఉందో మీటరు చెప్పదు. అందుకే మంచిదని తెలిసిన ఓఎన్‌యూ పెట్టి, అటెన్యుయేటర్ కొంచెం కొంచెం పెంచుతూ ఎక్కడ తెగుతుందో చూడాలి. అది కూడా పెట్టె బాగా వేడెక్కాక చూడాలి, ఎందుకంటే మే నెలలో హెడ్ఎండ్‌లో (ఓఎల్‌టీ ఉండే గదిలో) ఏసీ ఆగిన రోజే బలహీనమైన లేజర్ బయటపడుతుంది.

పాతసరుకు:
మరి టైమో?

స్ప్లైస్_ట్రే:
అప్‌లింక్‌కి (ఓఎల్‌టీని ఇంటర్నెట్ వైపు కలిపే లైనుకి) వాడే 10 జీ మాడ్యూల్‌నే తీసుకో అన్నా. లక్ష కోట్ల బిట్లకు ఒక తప్పు కంటే ఎక్కువ రాకూడదన్నది దాని ప్రమాణం. అందులో 95 శాతం నమ్మకం కావాలంటే ఒక్క తప్పూ లేకుండా ఐదు నిమిషాలు ట్రాఫిక్ నడిస్తే చాలు, అరగంట అక్కర్లేదు. ఎన్ని పోర్టులుంటే అన్నీ ఒకేసారి నడపొచ్చు. ఆ రీడింగ్, సీరియల్ నంబరు ఒకే ఫొటోలో తీసి పంపితే కాల్చింది ఎవరన్న గొడవ కూడా ఉండదు, అది నీకే రక్షణ. అంత చేయడం కుదరకపోతే "టెస్ట్ చేయలేదు" అని రాసి ధర తగ్గించి అమ్ము, కొంటాం.

నెట్_నెల్లూరు:
పాత కాన్ఫిగరేషన్ కూడా తుడిచి అమ్మండి సార్. అందులో చందాదారుల వివరాలు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి.

పాతసరుకు:
సీరియల్‌తో ఫొటో సరే, ఈ లాట్ నుంచే పెడతా. వేడి మీద టెస్ట్ మాత్రం ఓఎల్‌టీలకే చేస్తా, విడి మాడ్యూళ్లకి నా వల్ల కాదు.

కేబుల్_గుంటూరు:
అయితే 27 డీబీ అటెన్యుయేషన్‌తో ఒక్కో పోర్టుకీ వీడియో అడుగుతా. ఇవ్వనంటే వదిలేస్తా.