బేస్ గిటారుకు రివర్బా, డిలేనా?

ప్రశ్న (బరంపురం):
మా బృందం పెళ్ళిళ్ళలోనూ, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర రోజుల్లో వీధి వేదికల మీదా తెలుగు, ఒడియా పాటలు వాయిస్తుంది. బేస్ ఒంటరిగా మోగే చోట్ల నాదం మరీ బోసిగా వినిపిస్తోంది. ఒక్క పెడల్‌కే (కాలితో నొక్కి నాదాన్ని మార్చే పెట్టెకే) డబ్బుంది కనుక రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు నాదాన్ని సాగదీసేది), డిలే (కాస్త ఆగి స్వరాన్ని మళ్ళీ వినిపించేది), ఈ రెండిట్లో ఏది కొనాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (పర్లాకిమిడి):
డిలేయే తీసుకోండి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. అంత మంద్రమైన నాదానికి రివర్బ్ తోడైతే ఒక స్వరం ఆరకముందే మరొకటి దాని మీద పడి, డ్రమ్ముతో కుదరవలసిన పట్టు కరిగిపోతుంది. పైగా కల్యాణ మండపాలు వాటంతటవే గింగురుమంటాయి. డిలేను మాత్రం లయకు కట్టవచ్చు: 60,000ను నిమిషానికి పడే దెబ్బల సంఖ్యతో భాగిస్తే ఒక దెబ్బ నిడివి మిల్లీసెకన్లలో వస్తుంది. 120 టెంపోకు అది 500. అందులో ముప్పాతిక, అంటే 375 పెట్టి మీటి చూడండి, ప్రతిధ్వని స్వరాల మధ్య ఖాళీల్లో ఎంత చక్కగా కూర్చుంటుందో!

జవాబు (రాయగడ):
అన్నగారి లెక్క సరైనదే. అయితే నెమ్మదైన మెలొడీలో, ముఖ్యంగా ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని) బేస్ మీద సాగదీసిన పై స్వరాలకు రివర్బ్ ఇచ్చే నిండుదనం డిలేతో రాదు. అలాంటి పాటలే ఎక్కువైతే, లో-కట్ (మంద్ర నాదాన్ని కత్తిరించే సదుపాయం) ఉన్న రివర్బ్ తీసుకుని మిక్స్ (అసలు నాదంలో రివర్బ్ కలిసే పాలు) బాగా తగ్గించి వాడండి.

ప్రశ్న అడిగినవారు:
మావి ఎక్కువగా హుషారు పాటలే కనుక డిలే వైపే మొగ్గుతున్నాను. కొనేముందు ఏం పరీక్షించాలండీ?

జవాబు (పర్లాకిమిడి):
అసలు నాదాన్ని తగ్గించకుండా పంపుతుందో లేదో చూడండి. పెడల్ నొక్కగానే నాదంలో మంద్రపు బరువు తగ్గితే అది బేస్‌కు పనికిరాదు.