జపాన్ పతకం పెట్టె మీద "మూడు పది ఏడు ఎనిమిది సంవత్సరం" అని ఉంది, ఇది ఏ లెక్క?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పాత జపాన్ పతకాలు అమ్మేవాళ్ళ దగ్గర నల్ల లక్క పూసిన చెక్క పెట్టె ఒకటి చూశాను, లోపల కంచు పతకం ఉంది, ఇంకా కొనలేదు. మూత మీద బంగారు రంగులో నిలువుగా అక్షరాలున్నాయి. ఫోన్‌లో ఒక్కో అక్షరానికీ అర్థం వెతికితే మేయిజి, మూడు, పది, ఏడు, ఎనిమిది, సంవత్సరం అని వచ్చింది. అమ్మేవాళ్ళేమో "378వ నంబరు, ఆఫీసర్ బ్యాడ్జి" అని రాశారు. ధర చూస్తే టెన్షన్‌గా ఉంది. ఈ మూడు పది ఏడు ఎనిమిదిని ఎలా చదవాలి, తెలుగులో ఎలా చెప్పాలి?

జవాబు:
అది నంబరు కాదండి, ఆఫీసర్లకు ప్రత్యేకంగా ఇచ్చిందీ కాదు. మీరు రాసిన వరస సరిగ్గా ఉంటే అది "మేయిజి సంజూ షిచి హచి నెన్". మూడు పక్కన పది వస్తే ముప్పై, ఇక్కడిదాకా ఎవరికైనా తెలుస్తుంది. ఆ తర్వాత ఏడు, ఎనిమిది పక్కపక్కన నిలబడటం దగ్గరే అమ్మేవాళ్ళు తికమకపడి 378 చేసేశారు. తెలుగు తెలిసినవాళ్ళకు ఇక్కడ అంత కష్టం ఉండకూడదు, మనకు "ముప్పై ఏడెనిమిది" అనే మాట ఉంది కదా. ముప్పై ఒక్కసారే అని, చివరి అంకెలు రెండూ జోడిస్తాం. రెండుమూడు, నాలుగైదు, ఐదారు, ఏడెనిమిది, ఇవన్నీ మనం రోజూ వాడే ద్వంద్వ సమాసాలే. జపాన్ వాళ్ళు కూడా సరిగ్గా అదే పని చేశారు.

ఒక్క తేడా మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనం "ముప్పై ఏడెనిమిదేళ్ళు ఉంటాయి" అంటే అది సుమారు లెక్క. జపనీస్‌లో కూడా మామూలు మాటల్లో ఏడు ఎనిమిది కలిపి అంటే సుమారే, కానీ పతకం మీద అది సుమారు కాదు, 37వ ఏడూ 38వ ఏడూ రెండూ అని అర్థం. మేయిజి అనేది జపాన్ చక్రవర్తి పాలన పేరుతో నడిచే లెక్క, ఆ సంవత్సరం సంఖ్యకు 1867 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1904, 1905. రష్యాతో జపాన్ యుద్ధం 1904 ఫిబ్రవరిలో మొదలై 1905 సెప్టెంబరులో పోర్ట్స్‌మత్ ఒప్పందంతో ముగిసింది, అందుకే రెండేళ్ళ పేరు. మీరు చూసింది ఆ యుద్ధంలో పనిచేసినవాళ్ళకు 1906లో ఏర్పాటు చేసిన "జూగున్ కిషో", అంటే యుద్ధసేవా పతకం, అయి ఉండాలి. తెలుగులో రాస్తే "మేయిజి 37, 38 సంవత్సరాల యుద్ధసేవా పతకం" అని విడగొట్టి రాయండి, "ముప్పై ఏడెనిమిది" అని పెడితే మనవాళ్ళు సుమారు అనుకుంటారు.

చైనాతో 1894, 1895లో జరిగిన యుద్ధం పతకం మీదా ఇదే పద్ధతి, "నిజూ షిచి హచి నెన్", ఇరవై ఏడెనిమిది. ఒక్క అక్షరం తేడాతో పదేళ్ళ తేడా, అంటే అది వేరే యుద్ధం, వేరే పతకం. పెట్టె మీద ఇరవై ఉండి లోపల ముప్పై ఉన్న పతకం పెట్టి అమ్మేవాళ్ళుంటారు కాబట్టి మూత మీది వరస, పతకం వెనుక ఉన్న వరస రెండూ అక్షరం అక్షరం పోల్చి చూడండి. ముప్పై ఏడెనిమిది పతకం పట్టీ ఆకుపచ్చగా తెల్ల అంచులతో ఉండి నడుమ నీలి గీత ఉంటుంది, ఇరవై ఏడెనిమిది పట్టీకి ఆ నీలి గీత ఉండదు.

మళ్ళీ అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ, ముప్పై ఏడెనిమిది అనగానే వెలిగింది. మరి అదే అమ్మకంలో ఇంకో రెండు పతకాలున్నాయి, ముఖం రెండింటికీ ఒకేలా ఉంది, వెనక మాత్రం అక్షరాలు వేరు. ఒకదాని మీద తైషో, మూడు, నాలుగు, సంవత్సరం. రెండోదాని మీద తైషో మూడు సంవత్సరం, ఆ తర్వాత నాకు అర్థం కాని రెండు అక్షరాలు, తొమ్మిది సంవత్సరం. రెండోది నకలా?

జవాబు:
కాదండి, రెండూ వేర్వేరు అసలైన రకాలు. తైషో అంటే మేయిజి తర్వాతి చక్రవర్తి పాలన పేరు, దానికి 1911 కలపండి. మొదటిది "సన్ షి నెన్", మూడునాలుగు, అంటే 1914, 1915. రెండోదాంట్లో మీకు అర్థం కాని ఆ రెండు అక్షరాలు "నైషి", ఇది నాకు చాలా ఇష్టమైన మాట. మూడో ఏడు మొదలు తొమ్మిదో ఏడు దాకా అని దాని పని, అంటే 1914 నుంచి 1920 వరకు. మాట్లాడేటప్పుడు ఎక్కువగా వాడరు, చట్టాల్లో, ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో "లగాయతు" అని ఉంటుంది చూడండి, దానికి ఆ గంభీరం ఉంది. నేనైతే తెలుగులో "తైషో 3 లగాయతు 9 వరకు" అని రాస్తాను, "నుంచి" అంటే అర్థం సరిపోతుంది గానీ ఆ ఉత్తర్వు గొంతు పోతుంది.

ముఖం ఒకటే కాబట్టి ఈ రెండింటి పెట్టెలు ఒకదానికొకటి మారిపోవడం చాలా తేలిక. నైషి ఉందో లేదో మూత మీదా వెనుకా చూసుకోండి.

ఇంకొకరు:
సార్, నాదో సందేహం. బ్యాడ్జి అన్నా పతకం అన్నా జపనీస్‌లో "కిషో" అనే వినిపిస్తోంది. తెలుగులో అన్నిటినీ పతకం అనేస్తే సరిపోదా?

జవాబు:
సరిపోదమ్మా, ఎందుకంటే నకలు పట్టుకునే మొదటి మెట్టు ఇక్కడే ఉంది. పలకడంలో కిషో ఒకటే, రాయడంలో రెండు. ఒక కిషోలో మొదటి అక్షరానికి "రాసిపెట్టుకోవడం, గుర్తుంచుకోవడం" అని అర్థం, అది యుద్ధసేవకో ఒక సందర్భానికో ఇచ్చే స్మారక పతకం. రెండో కిషోలో మొదటి అక్షరం గీతలు ఎక్కువున్నది, దానికి "గుర్తు" అని అర్థం, అది దుస్తుల మీద పెట్టుకునే బ్యాడ్జి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కష్టమైన అక్షరం రోజువారీ రాతలోంచి తప్పుకుంది, ఇప్పుడు రెండింటికీ తేలికైనదే వాడుతున్నారు. 1944 డిసెంబరులో సైన్యం ఏర్పాటు చేసిన "బుకో కిషో" అనే పరాక్రమ బ్యాడ్జి రెండో రకం. అది కొద్దిమందికే ఇచ్చారు, నకళ్ళు బాగా తిరుగుతున్నాయి. దాని పెట్టె అని చూపించేదాని మీద తేలికైన కిషో రాసి ఉంటే నేను డబ్బు కట్టను.

వీటికి పైన "కున్‌షో" ఉంది, అది తరగతులతో ఇచ్చే రాజ గౌరవం. పక్కన "హోషో" ఉంది, 1881లో మొదలైన మెచ్చుకోలు పతకం, దాని మీద పొందినవారి పేరు చెక్కి ఉంటుంది. (అలాంటి ఫొటో ఎక్కడైనా పెడితే పేరు కప్పండి, వాళ్ళ కుటుంబాలున్నాయి.) తెలుగులో నా ఎంపిక ఇది: కున్‌షోకు బిరుదు పతకం, హోషోకు మెచ్చుకోలు పతకం, మొదటి కిషోకు స్మారక పతకం, రెండోదానికి బిళ్ళ. బిళ్ళ అంటే చిన్నచూపు అనుకోకండి. బిళ్ళబంట్రోతు అన్నప్పుడు ఆ బిళ్ళ ఉద్యోగాన్ని చూపించే గుర్తే, కిషో చేసే పని కూడా అదే.

ఇంకొకరు:
కున్‌షో తరగతుల పెట్టెల మీద రంగు పేరు కూడా ఉంటుందంటారు. ఏడో తరగతి పెట్టె మీద "నీలి" అని అక్షరం ఉంది, పతకం ఆకులేమో ఆకుపచ్చ. పెట్టె మారిందా?

జవాబు:
మారలేదు, అది సరైన జతే. కున్‌షోల్లో ఒకటైన ఉదయించే సూర్యుడి వర్గం 1875లో వచ్చింది, అందులో ఏడో తరగతి "సేయిషోకు తోయోషో", ఎనిమిదోది "హకుషోకు తోయోషో", అంటే తెల్ల ఆకులది. ఆకులు కిరి చెట్టువి, పౌలోనియా అంటారు. ఆ "సేయి" అక్షరానికి నిఘంటువు నీలం అని ఇస్తుంది, కానీ పాత జపనీస్‌లో నీలమూ ఆకుపచ్చా రెండూ దాని కిందకే వచ్చేవి, ఇప్పటికీ వాళ్ళు ట్రాఫిక్ పచ్చ దీపాన్ని ఆ మాటతోనే పిలుస్తారు. మన "పచ్చ" కూడా అంతే కదా, పసుపూ పచ్చే, ఆకూ పచ్చే, పక్కన ఏ మాట ఉందో చూసి అర్థం చేసుకుంటాం. కాబట్టి "పచ్చ కిరి ఆకుల పతకం" అనండి. 2003లో ఏడు, ఎనిమిది తరగతులు రద్దయ్యాయి, తరగతి సంఖ్యలు కూడా తీసేశారు, అందుకని మూత మీద తరగతి సంఖ్య ఉంటే అది అంతకు ముందుది అని చెప్పుకోవాలి.

ఈ వర్గం పతకాల వెనుక "కున్‌కో సేయిషో" అని నాలుగు అక్షరాలుంటాయి, సేవను గుర్తించి చాటే చిహ్నం అని. ఫొటోలో వెనుక వైపు చూపించకుండా అమ్మితే అడిగి తెప్పించుకోండి.

మళ్ళీ అడిగినవారు:
చివరిగా ఒకటి. ముప్పై ఏడెనిమిది పతకం పైన వేలాడదీసే పట్టె మీద కూడా నాలుగు అక్షరాలున్నాయి. ఎడమ నుంచి చదివితే అర్థం రావడం లేదు.

జవాబు:
రాకపోవడమే మంచిది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అడ్డంగా రాసేది కుడి నుంచి ఎడమకు. అది "జూగున్ కిషో", కాబట్టి కుడి కొసన "జూ", ఎడమ కొసన "షో" ఉండాలి. ఎడమ నుంచే నేరుగా చదివితే అర్థం వచ్చేస్తే అప్పుడు అనుమానించండి. అలాగే అక్షర రూపాలు కూడా. "రాజ్యం" అనే అక్షరానికీ "సంఘం" అనే అక్షరానికీ పాత నిండు రూపాలున్నాయి, ఇప్పటి పొట్టి రూపాలు 1946, 1949 ప్రభుత్వ జాబితాలతో అధికారికమయ్యాయి. 1910లో ఏర్పడిన మాజీ సైనికుల సంఘం బిళ్ళ మీద పొట్టి రూపాలు కనిపిస్తే ఆగండి. చేతిరాతలో పొట్టి రూపాలు అంతకు ముందూ ఉన్నాయి కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు, కానీ అచ్చు పోసిన లోహం మీద వాటికి చోటు తక్కువ. చైనా యుద్ధం పతకం వెనుక ముద్రల మీద వాడే తెన్‌షో లిపి ఉంటుంది, అక్కడ ఈ పరీక్ష పనికిరాదు, గీతల తీరే వేరు.

ఇక పెట్టె. అక్షరాలు లక్క మీద బంగారంతో చేత్తో రాసినవైతే వాలుగా వెలుతురు పడ్డప్పుడు కాస్త ఉబ్బుగా కనిపిస్తాయి, గీత ఒకచోట సన్నగా ఒకచోట లావుగా ఉంటుంది. అన్ని గీతలూ ఒకే మందంలో, చదునుగా ఉంటే అది ప్రింటు. లోపలి గుంట పతకం ఆకారానికి సరిగ్గా కుదరాలి. మీరు అమ్మేవాళ్ళను మూడు ఫొటోలు అడగండి: పట్టె దగ్గరగా, పతకం వెనుక, మూత పక్క వెలుతురులో. అవి ఇక్కడ పెడితే అక్షరం అక్షరం కలిసి చదువుదాం, అప్పటిదాకా డబ్బు పంపకండి.