క్లింగన్ వాక్యంలో ప్రశ్నపదం స్థానం ఏది?

ప్రశ్న:
‘స్టార్ ట్రెక్’ చిత్రాల కోసం కల్పించిన భాష క్లింగన్; దాని రూపకర్త మార్క్ ఓక్రాండ్ 1985లో వెలువరించిన క్లింగన్ నిఘంటువులోని వ్యాకరణ భాగాన్ని చదువుతున్నాను. కర్మ ముందు, క్రియ మధ్యన, కర్త చివర ఉండే పదక్రమం అర్థమైంది. అయితే ‘ఎవరు’ అనే అర్థమున్న ‘ఇవ్’ ఒక ఉదాహరణలో వాక్యం మొదట, మరొక దానిలో చివర కనిపిస్తోంది. ‘ఎప్పుడు’ అనే ‘ఘోర్ఘ్’ మాత్రం నేను చూసిన చోటల్లా మొదటే ఉంది. దీని వెనుక నియమం ఏమిటి? తెలుగులోలాగా ప్రశ్నపదాన్ని అటూ ఇటూ జరుపుకోవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
జరపకూడదండీ. జవాబుగా వచ్చే నామవాచకం ఏ స్థానంలో ఉంటుందో, ‘ఇవ్’, ‘నుక్’ (ఏమిటి) అనే పదాలు సరిగ్గా ఆ స్థానంలోనే ఉండాలి. ‘యాష్ లెఘ్ ఇవ్’ అంటే అధికారిని ఎవరు చూస్తున్నారని. ‘ఇవ్ లెఘ్ యాష్’ అంటే అధికారి ఎవరిని చూస్తున్నాడని. తెలుగులో ‘ని’ ప్రత్యయం అండగా ఉంది కనుక ‘ఎవరిని చూశాడు అధికారి’ అన్నా అర్థం చెడదు. క్లింగన్‌లో కర్మను గుర్తుపట్టడానికి అటువంటి ప్రత్యయం లేదు కాబట్టి ఆ పని స్థానమే చేస్తుంది.
ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనేవి కర్తా కావు, కర్మా కావు. కాలాన్నీ చోటునూ తెలిపే మాటలు క్లింగన్‌లో కర్మకు ముందే వస్తాయి కనుక ‘ఘోర్ఘ్’, ‘నుక్‌డాక్’, ‘కాత్ల్’, ‘చాయ్’ కూడా వాక్యారంభంలోనే నిలుస్తాయి.

రెండవ సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తూనే, ‘ఎంత, ఎన్ని’ అనే ‘ఆర్’ను విడిగా గుర్తుంచుకోమంటాను. అది నామవాచకం తరువాత వస్తుంది: ‘నిన్ ఆర్ విఘాజ్’ అంటే మన దగ్గర ఇంధనం ఎంత ఉంది అని. దాని ముందున్న నామవాచకానికి బహువచన ప్రత్యయం చేర్చకూడదు. ‘ఎన్ని వస్తువులు’ అనడానికి అలవాటుపడిన మనకు ఇక్కడే తడబాటు వస్తుంది.
అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలకు ‘ఆ’ అనే ప్రత్యయం ఉంది. మన ‘చూశాడా’లోని ‘ఆ’ను తలపించే ఈ పోలిక నాకెంతో ఇష్టం. అయితే మనం ‘అధికారినా చూశాడు?’ అని ఏ పదానికైనా తగిలించగలం. క్లింగన్‌లో అది క్రియ చివర మాత్రమే చేరుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ‘నువ్వు’, ‘నిన్ను’ వచ్చే ప్రశ్నల్లో కూడా స్థానం ఒక్కటే ఆధారమా?

మొదటి సమాధానమిచ్చినవారు:
అక్కడ క్రియ ముందుండే ఉపసర్గ కూడా సాక్ష్యం చెబుతుంది. ‘ఇవ్ డాలెఘ్’ అంటే నువ్వు ఎవరిని చూస్తున్నావు. ‘డులెఘ్ ఇవ్’ అంటే నిన్ను ఎవరు చూస్తున్నారు. ఉపసర్గ, స్థానం రెండూ ఒకే మాట చెప్పాలి. ఇరువైపులా ప్రథమపురుష ఏకవచనమే ఉన్నప్పుడు ఉపసర్గ ఉండదు కనుక, మీరు మొదట చూసిన ఉదాహరణల్లో స్థానం ఒక్కటే దిక్కయింది.
మరొక జాగ్రత్త: ‘అధికారిని ఎవరు చూస్తున్నారో చెప్పు’ వంటి వాక్యాన్ని ఒకే సంయుక్త వాక్యంగా కట్టకండి. ‘యాష్ లెఘ్ ఇవ్?’ అని ప్రశ్నను ముగించి, ‘హిజా’ (నాకు చెప్పు) అని విడిగా రాయడం క్షేమం.