మట్టి మిద్దె ఇంటిని విడతలవారీగా బాగు చేయించాలి: ముందు ఏ పని?

దేవరకొండ వాసి:
దేవరకొండ దగ్గర మా తాతగారు కట్టించిన ఇల్లు ఉంది. మధ్యలో వాకిలి, చుట్టూ నాలుగు అర్రలు. గోడలు మట్టి అడుసుతో పేర్చిన రాతిగోడలు, పైన టేకు దూలాలు, దంతెల మీద బండలు పరిచి మట్టి పోసిన మిద్దె. రెండు అర్రలు వానకు కురుస్తున్నాయి. గోడలకు మోకాలి ఎత్తు వరకు చెమ్మ ఎక్కింది, తర్వాతి కాలంలో చేయించిన సిమెంటు గిలాబు (ప్లాస్టరింగు) పెచ్చులుగా ఊడిపోతోంది. అమ్మానాన్నలు అక్కడే ఉంటున్నారు కనుక ఇల్లంతా ఒకేసారి విప్పలేము. ఏడాదికి లక్షన్నరకు మించి పెట్టే శక్తి నాకు లేదు. మిద్దె తీసేసి స్లాబు వేయమని సుతారి (తాపీ మేస్త్రి) అంటున్నారు, ముందు వంటగదిలో టైల్స్ వేయించమని అమ్మ అంటోంది. దేనితో మొదలుపెట్టమంటారు?

జడ్చర్ల నుంచి:
పైకప్పుతోనే మొదలుపెట్టండి, అదీ జూన్‌లో వానలు పడేలోపు. టేకు దూలం నడుమ ఎంత గట్టిగా కనిపించినా, గోడలో దూరిన కొసల దగ్గర తడి నిలిచి పుచ్చిపోతుంది, కాబట్టి అక్కడ స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. కురిసిన చోటల్లా ఏటా కొత్త మట్టి పోయడం మన దగ్గర అలవాటు. దానివల్ల బరువు పెరుగుతుందే తప్ప కురవడం ఆగదు. పాత మట్టి తీయించి, బండల సందులు సున్నంతో పూడ్పించి, ఇటుక ముక్కలు కలిపిన సున్నపు గచ్చును తూముల వైపు వాలు ఉండేలా వేయించండి. స్లాబు మాత్రం వద్దు, ఆ బరువును మట్టి గోడలు మోయలేవు.

మిర్యాలగూడ సివిల్:
స్లాబు వద్దన్న మాట సరైనదే గానీ కారణం బరువు కాదు. నాలుగు అంగుళాల స్లాబు చదరపు అడుగుకు సుమారు 24 కిలోలు తూగుతుంది, ఆరు అంగుళాల మట్టి కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. అడుసుతో కట్టిన గోడల్లో రాళ్లను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేది ఏదీ లేదు. గోడల మీద చుట్టూ కాంక్రీటు బెల్టు వేయకుండా స్లాబు పోస్తే, గోడ ఒకచోట కుంగగానే స్లాబు పగులుతుంది. స్లాబే కావాలనుకుంటే ఇంజనీరుకు చూపించి విడిగా పిల్లర్లు లేపాలి, ఆ ఖర్చు మీ లక్షన్నరలో ఇమడదు.

వనపర్తి పాతిల్లు:
చెమ్మ గురించి నా మాట. గోడను చూసేముందు వీధిని చూడండి. సీసీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో మా ఊళ్లో చాలా ఇళ్ల కడపలు (గడపలు) వీధి కంటే కిందికి పోయాయి, వాన నీళ్లన్నీ పునాదిలోకే దిగుతున్నాయి. మీ దగ్గరా అంతే అయితే గోడ పక్కన పేరుకున్న మట్టి తవ్వించి, నీళ్లు అవతలికి పోయేలా వాలు ఇప్పించండి. మనుషుల కూలి తప్ప పెద్ద ఖర్చు ఉండదు. సిమెంటు గిలాబు గోడలోని తడిని బయటికి రానివ్వదు, అది లోపలే పైకి పాకుతుంది. చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా దాన్ని కొట్టించి, ఒక వేసవి అంతా గోడను ఆరనిచ్చి, ఆ తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుకతో గిలాబు చేయించండి. పలుచటి పూతలుగా వేసి కొన్నాళ్లు తడి ఆరకుండా చూడాలి. దుకాణాల్లో అమ్మే చెమ్మ నిరోధక రంగులకు ఇప్పుడే డబ్బు తగలేయకండి. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన వృద్ధ సుతారులు ఊళ్లలో ఇంకా ఒకరిద్దరు దొరుకుతారు.

మిర్యాలగూడ సివిల్:
ఒక్క విషయం వీటన్నిటికంటే ముందు రావాలి. గోడలు తడిగా ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు ఉంటున్నారు కాబట్టి ఈ వారమే ఎర్తింగు పరీక్ష చేయించి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. ఇక టైల్స్ సంగతి: నీళ్ల పైపులు, వైర్లు మార్చకముందే వేస్తే మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది. నేల మీద పాత షాబాద్ బండలు ఉంటే వాటినే తీయించి, మట్టం సరిచేసి తిరిగి పరిపించవచ్చు.

దేవరకొండ వాసి:
అందరికీ ధన్యవాదాలు. మీరన్నట్టే మా వీధి రోడ్డు కడప కంటే ఎత్తుగా ఉంది. కరెంటు పని వెంటనే, ఈ వేసవిలో కురిసే రెండు అర్రల మిద్దె, బయటి వాలు చేయిస్తాను. గిలాబు వచ్చే ఏడాదికి ఉంచుతాను. వంటగదికి మూడో ఏడాది అని అమ్మకు ఎలా చెప్పాలో ఇంకా తెలియదు.

వనపర్తి పాతిల్లు:
వంటగదిలో పొయ్యి పెట్టుకునే బండ గట్టు ఒక్కటి ముందు వేయించండి, మిగతాదానికి అమ్మ ఆగుతారు.