ఇంప్లాంటు పెట్టించుకున్న వైపు వాపు: తీయించేసుకోవాలా?

ప్రశ్న (అనంతపురం):
క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్ము తీసేశాక, 2014లో బెంగళూరులో సిలికాన్ ఇంప్లాంటు పెట్టించుకున్నాను. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. రెండు నెలలుగా ఆ వైపు రవికె బిగుసుకుంటోంది. కుట్టు విప్పించి వదులు చేయించినా పది రోజులకే మళ్లీ పట్టేసింది. నొప్పి లేదు గానీ, ఏడాదిగా అలసట, వేళ్ల కణుపుల్లో నొప్పి ఉన్నాయి. ఇక్కడ చూపించుకుంటే, ఇంప్లాంటు ఉందని చెప్పినా చేయి వేసి చూడకుండానే వయసు వల్ల అని మాత్రలు రాశారు. ఇంట్లోవాళ్లు వెంటనే తీయించేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు (కర్నూలు):
అమ్మా, నేను ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ముందు ఆ వాపు సంగతి తేల్చుకోండి, అలసట సంగతి తరువాత. ఏళ్లు గడిచాక ఒకవైపే వాచిందంటే ఇంప్లాంటు చుట్టూ నీరు చేరి ఉండవచ్చు. కారణం చాలాసార్లు మామూలుదే అయినా, అరుదుగా ఆ చుట్టూ ఏర్పడిన పొరలో లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) పుడుతుంది. అది మీ పాత క్యాన్సర్ తిరగబెట్టడం కాదు, వేరే జబ్బు. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లతోనే ఎక్కువగా కనిపించింది కాబట్టి, 2019 జులైలో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోరిన మీదట అలెర్గాన్ సంస్థ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అల్ట్రాసౌండులో చూస్తూ సూదితో తీసిన నీటిని సైటాలజీకి (కణాల పరీక్షకు), దానితోపాటు ఆ లింఫోమా కణాలను గుర్తుపట్టే సీడీ30 పరీక్షకు పంపమని చీటీలో తప్పక రాయించుకోండి. అడగకపోతే ఆ పరీక్ష జరగకపోవచ్చు. ఒకవేళ జబ్బే అయినా, తొలిదశలో ఇంప్లాంటును పొరతో సహా పూర్తిగా తీసేస్తే చాలామందికి అంతటితో నయమవుతుంది. ఈ ఫలితం రాకముందే ఎక్కడో ఒకచోట హడావుడిగా తీయించుకోవద్దు, ఎందుకంటే ఆపరేషన్ ఎంతవరకు చేయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

జవాబు (కడప):
అక్కా, నేను 2022లో తీయించుకున్నాను. మూడు నెలలకు వేళ్ల నొప్పి తగ్గింది గానీ అలసట పోలేదు. చివరికి అది థైరాయిడ్ అని తేలింది. ఇలాంటి బాధలు ఇంప్లాంటు వల్లేనని తేల్చిచెప్పే రక్తపరీక్ష లేదు కాబట్టి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, కీళ్లవాతం పరీక్షలు కూడా చేయించుకోండి. బాధలేమీ లేనివాళ్లను గరుకు రకమైనా తీయించుకోమని ఎఫ్‌డీఏ చెప్పడం లేదు, కానీ మీకు వాపు ఉంది, ఆలస్యం చేయకండి. ఆపరేషన్‌నాడు ఇచ్చిన కార్డు ఉందా? రకం, లాట్ నంబరు దానిమీదే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
కార్డు పాత ఫైలులో దొరికింది చెల్లీ, గరుకు రకమే. సోమవారం స్కానుకు వెళుతున్నాను, సీడీ30 అని చీటీమీద నేనే రాసిపెట్టుకున్నాను.